ఎన్‌క్రిప్షన్ మీ సెన్సర్ బ్యాటరీని కాపాడదు!

నమస్తే అందరికీ! సెన్సర్ల బ్యాటరీ ఖాళీ చేసే దాడి గురించి చెప్పిన పోయిన వీడియో కింద ఒకటే గోల. "అన్నా, మా నోడ్స్‌లో ఏఈఎస్ ఉంది, ఎవడొచ్చినా ఏం దొరుకుతుంది?" అని. (నోడ్ అంటే రేడియోతో డేటా పంపే చిన్న సెన్సర్ పరికరం, ఏఈఎస్ అంటే ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి, డేటాకి వేసే తాళం.) ఏమీ దొరకదు. అసలు వాడికి మీ డేటా అక్కర్లేదు. బ్యాటరీ ఖాళీ అయితే చాలు!

మళ్లీ చెప్తున్నా: ఎన్‌క్రిప్షన్ డేటాను కాపాడుతుంది, బ్యాటరీని కాదు. వాడు చేసేదల్లా దొంగ ప్యాకెట్లు, అంటే ఉత్తుత్తి మెసేజ్‌లు, పంపుతూ నోడ్‌ని నిద్రపోనివ్వకపోవడమే. వచ్చిన ప్యాకెట్ మనదా, దొంగదా తేల్చాలంటే ముందు దాన్ని వినాలి. వినాలంటే రేడియో ఆన్‌లో ఉండాలి. కరెంటు కాలేది అక్కడే. అర్ధరాత్రి ఎవడో కాలింగ్ బెల్ కొడుతూనే ఉంటే, తలుపుకి ఎంత పెద్ద తాళం ఉంటే ఏం, ఇంట్లోవాళ్లకి నిద్ర పడుతుందా?

సీసీ2420 రేడియో డేటాషీట్ తెరవండి. ల్యాబుల్లో వాడే టెలోస్‌బి మోట్ (ఒక రకం సెన్సర్ నోడ్) మీద ఉండేది ఇదే. పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపులు. వినేటప్పుడు 18.8! చూశారా, మాట్లాడటం కంటే వినడానికే ఎక్కువ. రెండు ఏఏ సెల్స్, 2500 ఎంఏహెచ్ (మిల్లీఆంప్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) అనుకోండి. రేడియో ఖర్చొక్కటే లెక్కేస్తే, వందలో ఒక వంతు సమయం మేలుకునే నోడ్ ఏడాదిన్నర నడుస్తుంది. అదే నోడ్‌ని కన్ను మూయనివ్వకపోతే? ఐదున్నర రోజులు. అంతే!

ఇదేమైనా కొత్త సంగతా? 1999లోనే పరిశోధకులు స్టజానో, ఆండర్సన్ ఇలా నిద్రపోనివ్వని దాడి గురించి రాశారు. 2013లో వాసర్‌మన్, హాపర్ ఇంకో రకం చూపించారు: ప్యాకెట్‌లో రాసే దారినే గుండ్రంగా తిప్పేస్తే, అది అవే నోడ్ల మధ్య తిరుగుతూ అందరి బ్యాటరీలూ తాగేస్తుంది. అప్పుడే హెచ్చరించినా ఇప్పటికీ "ఏఈఎస్ ఉందిగా" అంటుంటే నాకు కోపం రాదా?

మన ఊరి సంగతికొద్దాం. 2020 అక్టోబర్ రాత్రి హైదరాబాద్ ఎలా మునిగిందో ఎవరూ మర్చిపోలేదు. అలాంటి రాత్రి కోసం ఏ నాలా మీదో నీటిమట్టం చూసే నోడ్ పెట్టారనుకోండి. దాన్ని వారం ముందే ఎవడో చంపేశాడు. వాన మొదలైంది, నోడ్ నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. కంట్రోల్ రూమ్‌లో పాత రీడింగే కనిపిస్తోంది. తప్పుడు డేటా ఒక్కటీ రాలేదు, హ్యాకింగ్ అని ఎవరికీ అనుమానం కూడా రాదు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే.

నా వాదన ఒక్కటే: నిద్రకే కాపలా పెట్టాలి. మెయిన్ రేడియో పడుకోవాలి, అతి తక్కువ కరెంటుతో నడిచే చిన్న వేకప్ రేడియో బయట కూర్చోవాలి. ప్రతిసారీ మారే రహస్య కోడ్ సరిపోలితేనే లోపలివాణ్ని లేపాలి. వేకప్ రేడియోకి డబ్బుల్లేవా? గంటకు ఇన్నిసార్లే లేస్తానని నోడ్‌కి కోటా పెట్టండి. కోటా దాటితే డేటా అందుకునే బేస్ స్టేషన్‌కి ఒక్క అలారం కొట్టి పడుకోవాలి. ఆ గంట అసలు మెసేజ్‌లూ పోతాయి, నిజమే. పోనీ! గంట పోయినా నోడ్ బతుకుతుంది.

గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో ఐఓటీ (ఇలా నెట్‌వర్క్‌కి కలిపే సెన్సర్ల) ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లూ, మీకే చెప్తున్నా. వెండర్ "పదేళ్ల బ్యాటరీ" అనగానే తలూపకండి. "దాడి జరుగుతుంటే ఎన్ని రోజులొస్తుంది?" అని అడగండి. ఆ జవాబు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి. వాళ్లేమన్నారో కామెంట్‌లో పెట్టండి, వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ చదువుతా!