తినేటప్పుడు తీసేసే పళ్లు ఎవరి కోసం కట్టినట్టు?

నమస్కారం. పోయిన మాఘమాసంలో తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న మా మేనత్త, విస్తట్లో పులిహోర పడగానే చీర కొంగు అడ్డం పెట్టుకుని, నోట్లోంచి కింది పళ్ల కట్టు తీసి, చేతిరుమాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఆ తర్వాత హాయిగా గారె కొరుక్కుని తిన్నారు. వధూవరులతో ఫోటోకు నిలబడే ముందు ఆ రుమాలు విప్పి, కట్టును మళ్లీ నోట్లో పెట్టుకున్నారు. నమలడానికని వేలకు వేలు పోసి కట్టించిన దవడ పళ్లు నమిలే వేళకు ఒళ్లోకీ, నవ్వే వేళకు నోట్లోకీ వెళుతున్నాయి. నవ్వితే ఆ పళ్లు పైకి కనిపించనే కనిపించవు, అది వేరే సంగతి. ఆ కట్టు చేసింది నేనే.

నేను వైద్యుణ్ని కాను. విజయవాడలో పన్నెండేళ్లు డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేసిన టెక్నీషియన్ని. పోయిన వారం నేను ఇక్కడ ఒక మాట అన్నాను. వెనక దవడ పళ్లు పోయిన ప్రతివారికీ తీసి పెట్టుకునే పార్షియల్ డెంచర్ (పోయిన కొన్ని పళ్లకు మాత్రమే చేసే కట్టు) అవసరం లేదని, చాలామందికి ఆ ఖాళీని ఖాళీగా వదిలేయడమే మంచి వైద్యమని అన్నాను. దాని మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు. ల్యాబ్‌లో ప్లాస్టర్ అచ్చులు గీక్కునేవాడికి వైద్యం ఎందుకన్నవారున్నారు, ఎదుటి పన్ను కిందికి దిగిపోతుంది తెలుసా అని నిలదీసినవారున్నారు, ముఖం పీక్కుపోతే నువ్వు బాధ్యత వహిస్తావా అని అడిగినవారూ ఉన్నారు. నేను ఆ మాటను వెనక్కి తీసుకోవడం లేదు సరికదా, ఈ రోజు ఇంకాస్త గట్టిగా చెబుతున్నాను. మన దగ్గర సందులు లెక్కపెట్టి పళ్లు కడుతున్నారు. లెక్కపెట్టవలసింది జతలను.

జత అంటే ఏమిటో మీరే అద్దం ముందు నిలబడి చూసుకోవచ్చు. పళ్లు బిగించి, బుగ్గను వేలితో పక్కకు లాగి చూడండి. కోరపన్ను వెనక రెండు చిన్న దవడ పళ్లుంటాయి, బడిలో మనం అగ్రచర్వణకాలని బట్టీ పట్టినవి అవే. వాటి వెనకవి పెద్ద దవడ పళ్లు. పైన ఒక చిన్న దవడ పన్ను, కింద దానికి తగిలే మరొక చిన్న దవడ పన్ను ఉంటే ఒక మార్కు వేసుకోండి. పైదీ కిందిదీ కలిసి నమిలే పెద్ద దవడ పళ్ల జత ఉంటే రెండు మార్కులు. పైన పన్నుండి కింద లేకపోతే సున్నా, ఎందుకంటే రోకలి ఉండి రోలు లేని ఇంట్లో పిండి పడదు. రెండు పక్కలా కలిపి నాలుగు మార్కులు, అవీ ఇరుపక్కలా ఇంచుమించు సమానంగా వస్తే, మీ వెనక సందులను చూసి భయపడే ముందు ఒక్క క్షణం ఆగండి.

ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ విశ్వవిద్యాలయంలో కైజర్ అనే దంత వైద్య ఆచార్యుడు, వెనక పళ్లు తరిగిపోయిన మనుషుల నోళ్లను పరీక్షించి, ఈ లెక్కలో నాలుగు మార్కులు మిగిలినవారు ఆ లోటుకు చాలావరకు అలవాటు పడిపోతున్నారని 1981లోనే ప్రకటించాడు. దంత వైద్య కళాశాలల్లో దీన్ని షార్టెన్డ్ డెంటల్ ఆర్చ్, అంటే పొట్టి పళ్ల వరుస అంటారు. పెద్ద దవడ పళ్లన్నీ పోయినా మిగిలేవి ముందు పళ్లు ఎనిమిది, కోరలు నాలుగు, చిన్న దవడ పళ్లు ఎనిమిది, మొత్తం ఇరవై. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మనిషికి జీవితాంతం కనీసం 20 సొంత పళ్లు ఉండి, కట్టుడు పళ్ల అవసరం రాకుండా ఉండడమే లక్ష్యమని చెప్పింది. అంతకు మూడేళ్ల ముందే, 1989లో, జపాన్ ఎనభై ఏళ్లకు ఇరవై పళ్లు అంటూ 8020 అనే ఉద్యమం మొదలుపెట్టింది. ముప్పై రెండు కావాలని ఎవరూ పట్టుబట్టలేదు. ముప్పై రెండు అన్న అంకెను మాత్రం మన వీధి దంత వైద్యశాలల బోర్డులు వదలడం లేదు.

అది పాతకాలపు సిద్ధాంతమనే వారికి జర్మనీ సంగతి చెబుతాను. అక్కడ పలు విశ్వవిద్యాలయాలు కలిసి, పెద్ద దవడ పళ్లన్నీ పోయినవారిని చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు పార్షియల్ కట్టారు, రెండో జట్టును చిన్న దవడ పళ్ల దగ్గరే ఆపేశారు. అక్కడ కట్టినవి మన తీగ కొక్కేల కట్లు కావు, పన్ను మీద తొడుగు వేసి దానికి ఖరీదైన తాళం అమర్చిన కట్లు. అంత శ్రద్ధగా కట్టినా, ఐదేళ్ల తర్వాత చూస్తే మిగతా పళ్లు ఊడిపోవడంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ తాళాలే తేడా చూపలేకపోయాయంటే, మన అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) ముక్కా వంచిన తీగా ఏం కాపాడతాయో మీరే ఆలోచించండి.

ఇక నాకు తెలిసిన పని గురించి చెబుతాను. సందు రెండు రకాలు. వెనకా ముందూ పన్ను ఉండి నడుమ ఖాళీ ఉంటే, కట్టు ఆ రెండు పళ్ల మీద పలక మీద కూర్చున్నట్టు స్థిరంగా కూర్చుంటుంది. వెనక పన్నే లేకుండా వరుస చివర తెరుచుకుపోతే కథ వేరు. అమెరికా వైద్యుడు కెన్నెడీ 1925లో ఈ ఖాళీలను వర్గాలుగా విడదీసినప్పుడు, వెనక ఆధారం లేనివాటికే మొదటి రెండు తరగతులు ఇచ్చాడు. రెండు కోళ్లు బండ మీదా, రెండు కోళ్లు బురదలోనూ ఉన్న నులకమంచం మీద కూర్చుంటే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. పన్ను ఎముకలో పాతుకుని ఉంటుంది కాబట్టి నమిలినప్పుడు వెంట్రుకవాసి మాత్రమే కదులుతుంది, చిగురు దానికి ఎన్నో రెట్లు అణుగుతుంది. ముద్ద పడిన ప్రతిసారీ కట్టు వెనక భాగం కిందికి కుంగి, ముందున్న ఆఖరి పన్నును కొక్కెం పట్టి లాగుతుంది. దాన్ని క్లాస్ప్ అంటారు గానీ, సరిగా చేయకపోతే అది రోజుకు మూడు పూటలా కొద్దికొద్దిగా పన్ను పీకే పట్టకారు. పైగా పన్ను పీకిన తర్వాత కింది ఎముక మొదటి ఏడాది వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా అరుగుతూనే ఉంటుంది కాబట్టి, మొదటి రోజు అతికినట్టు కూర్చున్న కట్టు రెండేళ్లకు లోపల అక్రిలిక్ కొత్తగా పోయించకపోతే ఊగడం మొదలుపెడుతుంది.

ఈ లాగుడును తగ్గించే ఉపాయం లేకపోలేదు, దాన్ని రెస్ట్ అంటారు. ఆధారపు పన్ను నెత్తిన వైద్యుడు చిన్న చెంచా ఆకారపు గుంట చెక్కితే, ఆ గుంటలో మేము లోహపు నాలుకను కూర్చోబెడతాము, బరువులో కొంత భాగం చిగురు మీద కాకుండా పన్ను వేరు గుండా ఎముకలోకి దిగుతుంది. ల్యాబ్‌కు అచ్చు రాగానే నేను మొదట చేసే పని, ప్లాస్టర్ పన్ను నెత్తిన గోటితో తడిమి ఆ గుంట కోసం వెతకడం. పన్నెండేళ్లలో అది దొరికిన రోజులు తక్కువ, దొరకని రోజులే ఎక్కువ. అచ్చుతో పాటు వచ్చే చీటీలో రోగి పేరు, పంటి అంకె, రంగు, కావలసిన తేదీ ఉండేవి. కొక్కెం ఏ పన్నుకు పెట్టాలో, బరువు ఎటు దిగాలో రాసి ఉండేది కాదు. ఒకసారి ఫోన్ చేసి అడిగితే, మీరే చూసి ఏదో ఒకటి వేసేయండి, సాయంత్రానికి పేషెంట్ వస్తున్నారు అన్న సమాధానం వచ్చింది. రోగి నోటిని ఏనాడూ చూడని నేను, ఆమె ఏ పక్క నములుతుందో, ఏ పన్ను కదులుతోందో తెలియని నేను, ఆమె నోటికి కొలతలు నిర్ణయించాను. మన పార్షియళ్లు డబ్బాల్లో మూలుగుతుండడానికి రోగుల ఓపికలేనితనం కారణమని అందరూ అంటారు. గీయవలసినవారు గీయకుండా చేసేవాడి మీదకు తోసేయడమే కారణమని నా వాదన, ఎవరు కాదన్నా దీన్ని వదలను.

ఇప్పుడు అందరూ ఫ్లెక్సిబుల్ అంటున్నారు. వంచినా విరగదు, తీగ కనిపించదు, గులాబీ రంగులో ముద్దుగా ఉంటుంది. వంగే నైలాన్‌తో చేసిన ఆ కట్టుకు చాలాచోట్ల రెస్ట్ పెట్టరు, అందువల్ల బరువంతా చిగురు మీదే పడుతుంది. వెనక తెరుచుకున్న సందులో చిగురును నెమ్మదిగా నొక్కుతూ దిగిపోతుంది, దిగిన తర్వాత మామూలు అక్రిలిక్‌కు పోసినట్టు దానికి లోపల పోయడం కూడా సులువు కాదు. కొనేటప్పుడు వంగుతుందని మురిసిపోతాము, నమిలేటప్పుడు వంగకుండా ఉండేదే మనకు కావాలి.

ఒంటి పన్ను కట్టు గురించి కూడా చెప్పి తీరాలి. ఒక పక్క ఒకే దవడ పన్ను కోసం బటాణీ గింజంత కట్టు చేసి ఇమ్మని అడిగేవారున్నారు. అలాంటిది ముద్దతో పాటు గొంతులోకి జారితే అన్నవాహికలోనో, ఇంకా ప్రమాదంగా ఊపిరి గొట్టంలోనో ఇరుక్కోవచ్చు. మామూలు అక్రిలిక్ ఎక్స్‌రేలో కనిపించదు కూడా. ఒక సందు మూయడానికి ఇంత తెగింపు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎదుటి పన్ను దిగిపోతుందన్న మాట అబద్ధం కాదు, దిగుతుంది. అందరికీ ఒకేలా దిగదు, దిగిన ప్రతిదీ ఆపదా కాదు. ఆరు నెలలకోసారి చూపించుకుని, అచ్చు తీయించి పోల్చుకుంటే ఎంత దిగిందో తెలిసిపోతుంది. ముఖం పీక్కుపోతుందన్న భయానికి వస్తే, పెదవులను నిలబెట్టేవి ముందు పళ్లు, అవి చెక్కుచెదరకుండా ఉన్నవారికి ఆ భయం చూపించి డబ్బు తీసుకోవడం నాకు నచ్చదు.

పార్షియల్ పనికొచ్చేవారు లేరని నేను ఎప్పుడూ అనలేదు. ఒకే పక్క నమలవలసి వచ్చి దవడ కీలు నొప్పి పెడుతున్నవారు, రాత్రుళ్లు పళ్లు కొరికే అలవాటుతో ముందు పళ్లు అరగదీసుకుంటున్నవారు, నడుమ మూడు నాలుగు పళ్లు పోయి వెనక గట్టి పన్ను ఒకటి మిగిలినవారు, మార్కులు రెండు మూడు దగ్గర ఆగిపోయినవారు తప్పకుండా ఆలోచించాలి. చిగుళ్ల జబ్బుతో పళ్లు కదులుతున్నవారికి నేను చెప్పిన నాలుగు మార్కుల లెక్క వర్తించదు, ముప్పై ఏళ్ల వయసులోనే దవడ పళ్లు పోగొట్టుకున్నవారికీ అంత సులువుగా వర్తించదు. ఎముకలో స్క్రూ దింపి దాని మీద పన్ను కట్టే ఇంప్లాంట్ చాలామందికి మంచి దారే, అయితే దానికి ఎముక ఉండాలి, చక్కెర అదుపులో ఉండాలి, సిగరెట్ మానాలి, పర్సు బరువుగా ఉండాలి. అవి కుదరనివారికి పార్షియలే గతి అయితే, పోతపోసిన కోబాల్ట్ క్రోమియం చట్రం మీద, రెస్ట్ గుంటలు చెక్కించి, కొక్కెం ఎక్కడ పెడుతున్నారో కాగితం మీద గీయించుకుని మరీ కట్టించుకోండి. రాత్రి తీసి నీళ్లలో పెట్టండి, లేకపోతే కట్టు కింద చిగురు ఎర్రబడి బూజు పట్టవచ్చు. కొక్కెం పట్టిన పన్నును మిగతా పళ్ల కంటే రెట్టింపు శ్రద్ధగా తోమండి.

మా అత్తయ్య వయసు అరవై రెండు. కింద రెండు పక్కలా పెద్ద దవడ పళ్లు పోయాయి, నాలుగు చిన్న దవడ పళ్లకూ పైన జోడీలున్నాయి. అంటే సరిగ్గా నాలుగు మార్కులు. కట్టు చేయడానికి రెండేళ్ల కిందట తీసిన అచ్చులు నా దగ్గర ఉన్నాయి కాబట్టి, పెళ్లి నుంచి వచ్చాక ఆమెను మళ్లీ దంత వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి కొత్త అచ్చులు తీయించి, రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి కాలిపర్స్‌తో కొలిచాను. జోడీ లేని పై దవడ పన్ను ఈ రెండేళ్లలో దిగింది అర మిల్లీమీటరు కూడా లేదు. నోట్లో మాత్రం, నేను తీగ వంచి కొక్కెం తగిలించిన చిన్న దవడ పన్ను మెడ దగ్గర, సరిగ్గా ఆ తీగ ఆనిన వంపు వెంబడే, గోధుమ రంగు పుచ్చు గీత కనిపించింది. వైద్యుడు దాన్ని శుభ్రం చేసి పూడ్చారు. ఆ పన్ను ఆమెకు మిగిలిన నాలుగు జతల్లో ఒకటి.