నెత్తిన పెట్టిన చేతులు

అధ్యక్షులకు, ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్ళుగా నిలబెట్టుకుంటూ వస్తున్న సభ్యులకు నమస్కారం. మాటల పుట్టుక గురించి అరగంట మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. అది ‘బలిపశువు’. 1976లో మా నాన్నగారి గురించి ఊరంతా అన్న మాట అది.

‘పాపం, ఆయన్ని బలిపశువును చేశారండీ’ అంటాం. ఆ చోట ఇంగ్లిషులో ‘స్కేప్‌గోట్’ అంటారు. బైబిల్ అనువాదకుడు విలియం టిండేల్ 1530లో అచ్చయిన తన అనువాదంలో, బైబిల్ మొదట్లో ఉండే మోషే ఐదు కాండాలను హీబ్రూ నుంచి ఇంగ్లిషులోకి తెస్తూ, తప్పించుకుపోయే మేక అనే అర్థంలో ఆ మాటను కట్టాడు. మూలంలో ఉన్న పదం ‘అజాజేల్’. అది ఎడారిలోని దుష్టశక్తి పేరని కొందరు పండితులు, కొండచరియ పేరని కొందరు, వెళ్ళిపోయే మేక అని మరికొందరు చెబుతారు. టిండేల్ ఈ చివరి అర్థాన్నే తీసుకున్నాడు. 1536లో బ్రస్సెల్స్ దగ్గర విల్వోర్డ్‌లో ఆయన గొంతు బిగించి చంపి, దేహాన్ని కాల్చేశారు. ఆయన కట్టిన మాట మాత్రం 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో చేరి, అక్కడి నుంచి పత్రికలకూ ఆఫీసులకూ పాకింది.

ఆ మేక కథ, ఆ ఐదింటిలో ఒకటైన లేవీయకాండము 16వ అధ్యాయంలో ఉంది. ఏడవ నెల పదవ రోజు ప్రాయశ్చిత్త దినం. రెండు మేకలను తెచ్చి చీట్లు వేస్తారు. యెహోవా పేరిట చీటీ పడిన మేకను వధిస్తారు. రెండవ దాన్ని ప్రాణంతోనే నిలబెడతారు. ప్రధాన యాజకుడైన అహరోను తన రెండు చేతులూ దాని తలమీద ఉంచి, ఇశ్రాయేలు ప్రజల దోషాలన్నిటినీ నోరు తెరిచి ఒప్పుకుని, వాటిని దాని తలమీద మోపి, ఒక మనిషి చేత అరణ్యానికి పంపిస్తాడు. తోలుకెళ్ళిన ఆ మనిషి బట్టలు ఉతుక్కుని స్నానం చేస్తే తప్ప తిరిగి పాళెంలో అడుగు పెట్టకూడదు.

గమనించండి, అక్కడ బలి అయినది మొదటి మేక. పాపం మోసింది రెండవది. మనం ‘బలిపశువు’ అన్నప్పుడు ఈ రెండింటినీ ఒకటి చేసేస్తున్నాం. నిజానికి రెండవ మేకకు దగ్గరైన పలుకుబడి మన నోళ్ళలో ఎప్పటినుంచో ఉంది: ‘తప్పంతా అతని నెత్తిన రుద్దారు.’ అందులో తలా ఉంది, చేతులూ ఉన్నాయి. లేనిది ఒక్కటే, ఒప్పుకోవడం. అహరోను తప్పు ఆ మేకదని అనలేదు. తప్పు మాది అని జనమంతా వినేలా చెప్పాడు.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పక తప్పదు. ఆయన ఒక గోదాములో గుమాస్తా. లెక్క చూస్తే నలభై బస్తాల చక్కెర తగ్గింది. తాళంచెవులు నలుగురి దగ్గర ఉండేవి. విచారణ కాగితం మీద ముగ్గురు సంతకాలు పెట్టారు. నాలుగవ మనిషి మా నాన్నగారు. ఉద్యోగం తీసేయలేదు, రెండు వందల మైళ్ళ దూరం బదిలీ చేశారు. తెల్లవారుజామున బస్టాండులో రేకుపెట్టె మీద ఆయన కూర్చుని ఉంటే, పెట్టె మీద తెల్లరంగుతో రాసిన పేరు ఆయన పంచె కింద సగం కనబడుతూ ఉండడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ‘బలిపశువును చేశారు’ అన్నారు అందరూ. ఎవరు చేశారో ఒక్కరూ అనలేదు. తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా సాగిపోతుంది కదా! అమ్మలారా, అయ్యలారా, ఈ వాక్యం మీ నోట వచ్చినప్పుడల్లా దానికి కర్తను చేర్చండి. నేను వచ్చింది ఇది అడగడానికే.

యెరూషలేములో యూదుల రెండవ దేవాలయం ఉన్న నాటి ఆచారాన్ని, వాళ్ళ పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో ‘యోమా’ అనే భాగం వివరిస్తుంది. కొమ్ముల మధ్య ఎర్ర ఉన్ని కట్టి, చివరికి మేకను కొండ మీద నుంచి తోసేసేవారట. లేవీయకాండంలో లేని క్రూరత్వం తర్వాత ఇలా వచ్చి చేరింది. కానీ అదే వర్ణనలో నన్ను ఎప్పుడూ ఆపేసే ఒక సంగతి ఉంది. యెరూషలేము నుంచి ఆ కొండదాకా దారిలో పది పందిళ్ళు ఉండేవి. మేకను తోలుకుపోయేవాడు ప్రతి పందిరి దగ్గరికి రాగానే, అక్కడివారు ‘ఇదిగో అన్నం, ఇదిగో నీళ్ళు’ అనేవారు.

మా నాన్నగారు పోయిన మరుసటి ఏడు, సంతకం పెట్టిన ముగ్గురిలో ఒకాయన మా ఇంటికి వచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. గుమ్మంలోనే నిలబడి, ‘ఆ బస్తాల సంగతి నాకు తెలుసమ్మా, తెలిసే సంతకం పెట్టాను’ అన్నారు. మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి, ‘అన్నం వేళయింది, కాళ్ళు కడుక్కోండి’ అంది.