పక్క మీద ఒత్తిగిలితే గది గిర్రున తిరుగుతోందా?

అందరికీ నమస్కారం.

చెవి వినడానికే అనుకుంటాం. మనం తూలకుండా నిలబడటానికీ చెవే కావాలి. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాటి పక్కన రెండు చిన్న సంచులు ఉంటాయి. సంచుల్లో ఓ జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. వయసు పైబడినా, తలకు దెబ్బ తగిలినా కొన్ని ఊడి నాళంలోకి జారతాయి. ఇక పక్క మీద ఒత్తిగిలినా, అటక మీది డబ్బా కోసం తల ఎత్తినా గది గిర్రున తిరుగుతుంది. మామూలుగా నిమిషంలోపే ఆగుతుంది. దీన్ని బీపీపీవీ అంటారు.

మన ఇళ్లలో దీన్నే గ్యాస్ అంటారు, బీపీ అంటారు, మెడ అరిగిందంటారు. మెడకు పట్టీ కట్టుకుని, నెలల తరబడి కళ్లు తిరగడానికి మాత్రలు మింగేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జారిన స్ఫటికాన్ని ఏ మాత్రా వెనక్కి పంపలేదు. పైగా ప్రోక్లోర్‌పెరజైన్ లాంటివి పెద్దవాళ్లు ఎక్కువకాలం వాడితే చేతులు వణకడం, నడక మందగించడం మొదలవ్వచ్చు.

అసలు చికిత్స చేతులతో చేసేది. అమెరికాలో జాన్ ఎప్లే అనే చెవి డాక్టర్ దాన్ని 1992లో ప్రచురించారు. తలను ఒక వరుసలో తిప్పుతూ స్ఫటికాలను మళ్లీ సంచిలోకి చేరుస్తారు. కోత లేదు, కొద్ది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గుతుంది, కొందరికి మళ్లీ రావచ్చు, అప్పుడు మళ్లీ చేయించుకోవచ్చు. అయితే ఏ చెవి, ఏ నాళం అన్నది ముందు తేలాలి. అందుకు డిక్స్-హాల్‌పైక్ పరీక్షలో మిమ్మల్ని వెనక్కి పడుకోబెట్టి, కనుగుడ్లు ఎటు కొట్టుకుంటున్నాయో డాక్టర్ చూస్తారు. కాబట్టి పరీక్ష కాకుండానే ఫోన్‌లో వీడియో చూసి సొంతంగా చేసుకోకండి.

తల తిరుగుడు కన్నా నాకు ఎక్కువ భయం పడిపోవడం గురించే. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కని గబుక్కున లేచి పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఆ వయసులో ఆపరేషన్ అయినా చాలామందికి మునుపటి నడక రాదు. పడని వాళ్లూ పడతామన్న టెన్షన్‌తో గడప దాటరు, కాళ్లలో బలం తగ్గి నిజంగానే పడతారు. చికిత్స అయ్యేదాకా మంచం అంచున కాసేపు కూర్చుని లేవండి, రాత్రి లైటు వెయ్యండి.

అన్ని తల తిరుగుళ్లూ ఇదే కాదు. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తల తిరుగుడుతో పాటు మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా అది మెదడు స్ట్రోక్ కావచ్చు. తెల్లారాక చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి.