రెండు అంగుళాల మంచుకే అట్లాంటా ఎందుకు ఆగిపోతుంది?

నమస్కారం అండీ. అమెరికా దక్షిణాన ఉన్న మా అట్లాంటాలో మంచు పడితే చాలు, చికాగో, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్ల నుంచి ఒకటే మాట: "రెండు అంగుళాలకే స్కూళ్లు మూసేశారా? మా దగ్గర అడుగు పడినా ఆఫీసుకెళ్తాం." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంచు ఎంత పడిందని అడుగుతారు గానీ, ఎంత టెంపరేచర్‌లో పడిందని ఒక్కరూ అడగరు.

ముందు, ఇక్కడ మంచు ఎందుకంత అరుదు? 2018 జనవరి తర్వాత అంగుళం దాటి పడింది మళ్లీ 2025 జనవరి 10నే. చలి లేక కాదు. జనవరిలో తెల్లవారుజామున సున్నా సెల్సియస్ కిందకి చాలాసార్లే వెళ్తుంది. కానీ ఆ రోజుల్లో ఆకాశంలో మబ్బుండదు. మంచు పడటమంటే పెళ్లి జరగడమే అనుకోండి. ఇరువైపులవాళ్లూ ముహూర్తానికి మండపంలో ఉండాలి. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి మగపెళ్లివారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమ ఆడపెళ్లివారు. చిక్కేంటంటే, తేమను మోసుకొచ్చేది వెచ్చటి గాలి. వీళ్లు వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోతారు, వాన పడుతుంది. వాళ్లు గట్టిగా కూర్చుంటే వీళ్లు సముద్రం దగ్గరే ఆగిపోతారు, వట్టి వణుకు మిగులుతుంది.

ఒక్కోసారి మగపెళ్లివారు అపలాచియన్ కొండల తూర్పు వాలు వెంట నేలబారుగా దిగుతారు. చలిగాలి బరువు కదా, కొండ ఎక్కలేదు. దీన్ని ఇక్కడ వెడ్జ్ అంటారు. అప్పుడు కింద మండపంలో మగపెళ్లివారు, మేడ మీద ఆడపెళ్లివారు. పైన మంచుగా బయల్దేరింది మేడ మీద కరిగి నీరై, కింద దేన్ని తాకితే దాని మీదే గడ్డకడుతుంది. అదే ఫ్రీజింగ్ రెయిన్. ఒక్కో పైన్ ఆకు చుట్టూ విడిగా ఐస్ తొడుగు కడుతుంది, గాలికి గలగలమంటుంది. ఆ బరువుకే కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడతాయి. నన్నడిగితే మంచుకన్నా దీనికే ఎక్కువ భయపడాలి.

ముహూర్తం కుదిరినా టెంపరేచర్ సున్నా చుట్టూనే ఉంటుంది. అసలు ప్రమాదం అదే. మైనస్ 15లో మంచు పొడిగా ఉంటుంది, బూటు కింద కిర్రుమంటుంది, టైరుకు కాస్త పట్టు దొరుకుతుంది. సున్నా దగ్గర టైర్ల కింద కరిగి, మళ్లీ గడ్డకట్టి, పైన పల్చటి నీటి పొరతో ఉంటుంది. దాని మీద ఏ డ్రైవరైనా ఒకటే.

2014 జనవరి 28న జరిగింది అదే. ఎయిర్‌పోర్టులో నమోదైంది 2.6 అంగుళాలు. మధ్యాహ్నం వేళ ఆఫీసులూ స్కూళ్లూ దాదాపు ఒకేసారి వదిలేశాయి. ఉప్పు చల్లాల్సిన ట్రక్కులు కూడా ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నాయి. వేలమంది రాత్రంతా కార్లలో ఉండిపోయారు, పిల్లలు స్కూళ్లలో పడుకున్నారు. ఊరి చుట్టూ తిరిగే ఐ-285 హైవే మీద ఒక తల్లి కారులోనే ప్రసవించింది. అలాంటి రాత్రి చూసిన ఊరు ముందురోజే సెలవు ప్రకటిస్తే తప్పేముంది?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పగలు కరిగిన నీరు రాత్రి మళ్లీ గడ్డకడుతుంది, తారు మీద కనిపించదు. వంతెనలకు కింద నుంచీ గాలి తగులుతుంది కాబట్టి ముందు అవే గడ్డకడతాయి. అందుకని మర్నాడు పొద్దున్నే కారు తీయకండి. అద్దం మీద వేడినీళ్లు పోయకండి, పగులుతుంది. పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా రాత్రికి కుళాయి సన్నటి ధారగా వదలండి. పిల్లల్ని మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి. గ్లవ్స్ వేసి ఇప్పుడే పంపండి, సాయంత్రానికి ఆడుకోవడానికి మంచు ఉండదు.