అడిగి తీసుకున్న ఫోనుతో మనసు చదివే మ్యాజిక్: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. స్టూడియోలో మనతో సీనియర్ మెజీషియన్ గారు ఉన్నారు. ప్రేక్షకుల ఫోనుతోనే మనసు చదివినట్టు చేసే మ్యాజిక్ గురించి మీ సందేహాలు అడగవచ్చు. మొదటి కాల్ కాకినాడ నుంచి.

కాలర్ (కాకినాడ): సర్, ఇంజనీరింగ్ సెకండియర్ చదువుతున్నాను. ఫ్రెషర్స్ పార్టీలో ఎవరిదైనా ఫోన్ తీసుకుని, దాని లాక్ పిన్ చెప్పేయాలి. ఎలా చేయాలి సర్?

మెజీషియన్: అది నేర్పను బాబూ. నలుగురి మధ్య పిన్ బయటపెడితే ఆ మనిషికి టెన్షన్ తప్ప సరదా ఏముంటుంది? ఫోన్ లాక్‌కీ యూపీఐకీ ఒకే నంబర్ పెట్టుకునే వాళ్లు కూడా ఉంటారు. ఫోన్ ఎవరిదో వాళ్ల చేతిలోనే ఉండాలి. తెరిచేది వాళ్లు, నొక్కేది వాళ్లు.

కాలర్: మరి ముట్టుకోకుండా ఏం చేస్తాం సర్?

మెజీషియన్: క్యాలిక్యులేటర్ చాలు. ముందు ముందు చెబుతాను, విను.

యాంకర్: థాంక్యూ. తర్వాత జగిత్యాల జిల్లా నుంచి.

కాలర్ (జగిత్యాల): నమస్తే సార్. నేను సర్కారు బడిలో లెక్కల టీచర్‌ను. మొన్న పంద్రాగస్టుకు మా బడిలో ప్రోగ్రాం పెట్టినం. ఊరి పెద్దలంతా వచ్చిన్రు. మైకు సరిగ్గా పనిచేస్తలేదు, వాన పడేటట్టున్నది, పిల్లలేమో ఒకటే లొల్లి...

మెజీషియన్: మాస్టారూ, ట్రిక్ ఏం చేశారో చెప్పండి.

కాలర్: అదే సార్. ముందు వరసలో ఉన్న ఒకాయనను ఫోన్ తీయమన్న. క్యాలిక్యులేటర్‌లో మూడంకెల సంఖ్య కొట్టి, ఇంకో మూడంకెల సంఖ్యతో గుణించమన్న. జవాబులో ఒక అంకె మనసులో పెట్టుకుని మిగిలినవి చదవమన్న. నేను ఏడు అన్న, ఆయన నాలుగు అన్నడు. అందరూ నవ్విన్రు. ఎక్కడ తప్పిందంటరు?

మెజీషియన్: మొదటి మాటలోనే తప్పింది. 'ఏదో ఒక మూడంకెల సంఖ్య' అనకూడదు. కీప్యాడ్ మీద ఒకే గీతలో ఉన్న మూడు అంకెలు నొక్కమనాలి. అడ్డం, నిలువు, మూల నుంచి మూలకు, ఏదైనా సరే. 147, 258, 789, 159 ఇలా. ఇప్పుడు మీరే ఫోన్ తీసి 147ను 258తో గుణించండి.

కాలర్: ఆగండి సార్... 37926.

మెజీషియన్: అంకెలన్నీ కూడితే 27, అంటే తొమ్మిదో ఎక్కంలోది. ఒక అంకె మనసులో ఉంచుకుని మిగిలినవి చెప్పండి. వరసలో అక్కర్లేదు, ఎటు నుంచి ఎటైనా చెప్పండి.

కాలర్: రెండు, తొమ్మిది, మూడు, ఆరు.

మెజీషియన్: కూడితే 20. తొమ్మిదో ఎక్కంలో దాని తర్వాత వచ్చేది 27, దానికి ఏడు తక్కువ. మీ మనసులో ఉన్నది ఏడు.

కాలర్: కరెక్టు సార్! అయితే ఏ గీత తీసుకున్నా మూడుతో పోతుందన్నట్టు. రెండిటిని గుణిస్తే తొమ్మిదితో పోతది.

మెజీషియన్: అంతే, లెక్కల మాస్టారు పట్టేశారు. అయితే తలనొప్పి సున్నాతో వస్తుంది. చదివిన అంకెల మొత్తం 18 వచ్చిందనుకోండి, దాచింది తొమ్మిదో సున్నానో తెలియదు. అందుకని ముందే చెప్పాలి: 'సున్నా తలుచుకోవద్దండీ, మనసులో ఏమీ లేకపోతే నేనేం చదవను?' అప్పుడు అది ట్రిక్‌కు పెట్టిన షరతులా కాకుండా మామూలు మాటలా ఉంటుంది.

కాలర్: బాగుంది సార్. ఇంకోటి. క్యాలిక్యులేటర్‌లో పైన 789 ఉంటది. కాల్ చేసే కీప్యాడ్‌లో పైన 123 ఉంటది. దాంతో తేడా వస్తదా?

మెజీషియన్: రాదు. గీతలో అవే అంకెలు ఉంటాయి. 321 అని తిప్పి కొట్టినా పర్వాలేదు.

కాలర్: మరి ఇంకా పెద్ద సంఖ్య కావాలంటే?

మెజీషియన్: 369తో ఇంకోసారి గుణించమనండి, 13994694 వస్తుంది. కూడితే 45. మూడు గీతలు దాటొద్దు. నాలుగోది వేస్తే కొన్ని ఫోన్లలో అంకెలు పట్టక చివర E అని వస్తుంది, దాంతో ట్రిక్ పోతుంది.

కాలర్: సరే సార్. అంటే ఏదో ఒక మూడంకెల సంఖ్య అని...

మెజీషియన్: మళ్లీ అదే మాట మాస్టారూ! గీత. గీతలో ఉన్న మూడు అంకెలు.

కాలర్: ఆ, గీత. రాసుకున్న. ఆఖరిది సార్, ఇది లెక్కనే కదా, మనసు చదివినట్టు ఎట్లనిపిస్తది?

మెజీషియన్: జవాబు తెలిసిన వెంటనే చెప్పేస్తే లెక్కలాగే ఉంటుంది. ఫోన్ బోర్లా పెట్టించండి. ఆ అంకెను గోడ మీద పెద్దగా రాసినట్టు ఊహించుకోమనండి. కాస్త ఆగండి. 'బేసి అంకెలా ఉంది' అనండి, వాళ్ల ముఖం చూడండి. ఆ తర్వాత చెప్పండి. అదే జనానికి మళ్లీ చేయొద్దు, రెండోసారి వాళ్లు లెక్క మీదే కన్నేస్తారు.

యాంకర్: మాస్టారూ, ధన్యవాదాలు. విశాఖ నుంచి కాలర్.

కాలర్ (విశాఖ): ఐఫోన్ క్యాలిక్యులేటర్‌లో మనకు కావలసిన సంఖ్య వచ్చేట్టు ముందే దాచే పద్ధతి ఉండేది కదండీ, ఇప్పుడు అవ్వట్లేదు.

మెజీషియన్: 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి మీరు నొక్కిందంతా పైన వరసగా కనిపిస్తుంది. దాచడానికి చోటు లేదు. పైగా దానికి ఫోన్ మీ చేతిలోకి రావాలి, అది నాకు మొదటి నుంచీ నచ్చదు. ఏ కంపెనీ ఫోన్ వస్తుందో తెలియనప్పుడు, ఏ ఫోనులోనైనా పనిచేసేదే నేర్చుకోండి.

కాలర్: మరి యాప్ వేసి...

మెజీషియన్: వద్దు. పరాయి వాళ్ల ఫోనులో ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడదు.

యాంకర్: థాంక్యూ. ఖమ్మం నుంచి ఒకరు. చెప్పండమ్మా.

కాలర్ (ఖమ్మం): మా ఇంటికి ఒకాయన వచ్చాడండీ. ఫోన్ ఇవ్వండి, మంత్రించి ఇస్తాను అన్నాడు. చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుని, నిన్న మా చెల్లి ఫోన్ చేసిందని పేరుతో సహా చెప్పాడు. అత్తయ్య ఐదు వేలు ఇచ్చేశారు. అది నిజంగా శక్తేనా?

మెజీషియన్: కాదమ్మా. ఫోన్ ఇచ్చేటప్పుడు లాక్ తీసి ఉందా?

కాలర్: తీసే ఇచ్చామండీ.

మెజీషియన్: కాల్ లిస్టు ఒక్క క్షణం కనిపిస్తే చాలు. కళ్లు మూసుకునేది పేరు చూసుకున్నాకే. మీ అత్తయ్యను ఏమీ అనకండి, ఎంత తెలివైనవాళ్లనైనా ఇలా నమ్మించొచ్చు. 1846లో పారిస్‌లో రాబర్ట్ హుడిన్ అనే ఫ్రెంచ్ మెజీషియన్ ప్రేక్షకుల దగ్గర వస్తువులు అడిగి తీసుకునేవాడు, కళ్లకు గంతలు కట్టుకున్న కొడుకు అవేమిటో చెప్పేవాడు. జనం నోరెళ్లబెట్టారు. కానీ అది వేదిక మీద, టికెట్ కొని చూసిన వినోదం. శక్తి ఉందని డబ్బు గుంజేవాడు మెజీషియన్ కాదు, మోసగాడు. ఇప్పుడు ఒక పని చేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరవండి. మీది కాని పరికరం ఉంటే లాగౌట్ చేయండి. కొత్త యాప్ ఏదైనా పడిందేమో చూడండి. ఖాతాలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాలర్: ఆ ఐదు వేలు చేతికే ఇచ్చారండీ.

మెజీషియన్: అయితే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండమ్మా. సిగ్గుపడవద్దు, పక్కింటి వాళ్లకు కూడా చెప్పండి. ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

యాంకర్: చివరి కాల్, తెనాలి. క్లుప్తంగా అడగండి.

కాలర్ (తెనాలి): అష్టావధానంలో కూడా ఇలాంటి కిటుకే ఉంటుందా అండీ?

మెజీషియన్: లేదండీ. అది ఎన్నో ఏళ్ల చదువు, ధారణ. గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకుంటూ, నిషిద్ధాక్షరి, అంటే అడిగేవాళ్లు వద్దన్న అక్షరాలు, దాటుకుంటూ అక్కడికక్కడే పద్యం చెప్పాలి. నేను చేసేది కనికట్టు. రెండిటినీ ఒక గాటన కట్టవద్దు.

కాలర్: ఇంకొకటండీ, పేకముక్కలతో...

యాంకర్: క్షమించండి, సమయం అయిపోయింది. మెజీషియన్ గారికి, కాల్ చేసిన అందరికీ ధన్యవాదాలు.