డిప్రెషన్‌కి చేప మందా? కవళ్ళు, కానాగంతలు, ఫిష్ ఆయిల్ గోళీలు: నా రివ్యూ

అందరికీ నమస్తే అండి. మన హైదరాబాద్‌లో చేప మందు అంటే ఎవరికైనా మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్, ఉబ్బసం వాళ్ల క్యూలే గుర్తొస్తాయి. ఈ రోజు నేను మాట్లాడేది ఇంకో చేప మందు గురించి. నూనె చేపలు, అంటే ఒంట్లోనే కొవ్వు ఎక్కువగా ఉండే చేపలు, తింటే డిప్రెషన్ పోతుందని, టెన్షన్ తగ్గుతుందని ఫోన్లలో తిరుగుతోంది కదా, దాని గురించి.

ఎందుకు చేస్తున్నానో ముందే చెప్పేస్తాను. మా చిన్నమ్మ ఉప్పల్‌లో ఉంటుంది. మా బాబాయి పోయాక ఆమెకి నిద్ర పట్టేది కాదు, అన్నం సహించేది కాదు, పలకరిస్తే ఊ అని ఊరుకునేది. డాక్టర్ డిప్రెషన్ అని చెప్పి మందులు రాశారు. రెండు నెలల్లో కాస్త తేరుకుంది. ఇంతలో ఎవరో వాట్సాప్‌లో మెసేజ్ పంపారు: ఆ గోళీలు మానేసి చేప నూనె గోళీలు వేసుకుంటే చాలని. చిన్నమ్మ నమ్మింది. మాకెవరికీ చెప్పకుండా డాక్టర్ రాసినవన్నీ ఒక్కసారే ఆపేసింది. నెల తిరగకుండానే మళ్లీ మంచం పట్టింది. చేప నూనె గోళీల సీసా తలగడ కింద దొరికింది. ఆ రోజు నాకు వచ్చిన భయం మీలో ఎవరికీ రాకూడదనే ఈ వీడియో.

ఇదిగో ఆ సీసా, దగ్గరగా చూపిస్తున్నాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో 1000 మిల్లీగ్రాములు అని ఉంది. వెనక్కి తిప్పుదాం. ఈ చిన్న అక్షరాలు చదవండి: ఈపీఏ 180, డీహెచ్ఏ 120. మొత్తం 300. ముందు రాసిన 1000 చేప నూనె బరువు. మనకి కావాల్సిన ఒమేగా-3 కొవ్వు, అంటే ఈ రెండూ కలిపి, అందులో మూడో వంతు కూడా లేదు. మీ ఇంట్లో సీసా ఉంటే ఇప్పుడే వెనకవైపు చూడండి.

ఈ రెండు పేర్లూ ఏంటంటే, డీహెచ్ఏ మన మెదడు కణాల పొరల్లో ఉండే కొవ్వు. మెదడులో నీళ్లు తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా కొవ్వే. ఈపీఏ ఒంట్లో వాపుని, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ని, తగ్గించడంలో పనిచేస్తుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తంలో ఈ వాపు గుర్తులు ఎక్కువగా కనబడతాయి. చేపకీ మనసుకీ సంబంధం ఉందని డాక్టర్లు అనుకోవడానికి మూలం ఇదే. కాబట్టి ఆ వాట్సాప్ మెసేజ్ గాలిలోంచి పుట్టింది కాదు. కాకపోతే సగం మాట చెప్పి వదిలేసింది.

మిగతా సగం నేను చెప్తాను. 1998లో జోసెఫ్ హిబ్బెల్న్ అనే అమెరికా సైకియాట్రిస్టు లాన్సెట్ పత్రికలో ఒక పోలిక ప్రచురించారు. చేపలు ఎక్కువగా తినే జపాన్ లాంటి దేశాల్లో డిప్రెషన్ తక్కువగా, చేపలు తక్కువ తినే దేశాల్లో ఎక్కువగా కనిపించింది. బాగుంది. కానీ జపాన్‌కీ మిగతా దేశాలకీ తేడా చేప ఒక్కటేనా? కుటుంబాలు వేరు, పని వేరు, డాక్టర్‌తో మనసు విప్పి చెప్పుకునే అలవాటు వేరు. అందుకే మనుషులకి నిజంగా ఇచ్చి చూడాలి.

అలా ఇచ్చి చూసినవాటిలో పెద్దది అమెరికాలో జరిగిన వైటల్ అధ్యయనం. 50 ఏళ్లు దాటినవాళ్లు, 18,353 మంది. సగం మందికి రోజూ ఒక గ్రాము చేప నూనె, సగం మందికి ఉత్తుత్తి గోళీ. ఐదేళ్లకి పైగా చూశారు. 2021లో ఫలితం వచ్చింది: చేప నూనె డిప్రెషన్ రాకుండా ఆపలేకపోయింది. పైగా వేసుకున్నవాళ్లలోనే అది రవ్వంత ఎక్కువగా కనిపించింది. ఏ లోటూ లేనివాళ్లు డిప్రెషన్ రాకూడదని రోజూ ఈ గోళీ మింగడానికి నాకు కారణం కనబడలేదు.

ఇప్పటికే డిప్రెషన్ ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. ఈపీఏ వాటా ఎక్కువగా ఉన్న గోళీలు, మందులతో పాటు వాడితే, కొందరికి కొంత మేలు కనిపించింది. మందులతో పాటు అన్న మాట గట్టిగా పట్టుకోండి. 2019లో పోషకాహార సైకియాట్రీ నిపుణుల సంఘం చెప్పిన మోతాదు రోజుకి 1 నుంచి 2 గ్రాముల ఈపీఏ. చిన్నమ్మ సీసాతో అది రావాలంటే రోజుకి కనీసం ఆరు గోళీలు మింగాలి. ఆమె ఒకటి మింగింది, అసలు మందు మానేసి. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ప్రమాదం కూడా కొందరికి ఉంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి వెళ్లొద్దు.

ఇక గోళీ పక్కన పెట్టి, చేప దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం 67 మందితో ఒక అధ్యయనం చేసి 2017లో ప్రచురించింది. అందరికీ డిప్రెషన్ ఉంది, చాలామంది చికిత్సలోనే ఉన్నారు. సగం మందికి తిండి మార్చారు: కూరగాయలు, పప్పులు, గింజలు, ఆలివ్ నూనె, చేపలు. మిగతా సగంతో కూర్చుని కబుర్లు చెప్పారు. మూడు నెలలకి తిండి మార్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది తేరుకున్నారు, కబుర్ల వాళ్లలో 8 శాతం. చిన్న అధ్యయనమే, అందులో చేప వాటా ఎంతో విడదీయలేం. అయినా నాకు సీసా కంటే ఈ కంచం మీదే నమ్మకం కుదిరింది.

సరే, ఏ చేప? పొద్దున్నే రాంనగర్ మార్కెట్‌కి వెళ్లాను. మనవాళ్లు ఎగబడేది కొర్రమీను, బొచ్చె, రవ్వ. రుచికి తిరుగులేదు, మాంసకృత్తులు బోలెడు. కానీ కొర్రమీనులో నూనె చాలా తక్కువ. హోటల్లో తినే అపోలో ఫిష్‌లో నూనెంతా బాణలిలోదే. నాకు కావాల్సినవి ఒక మూల ఐస్‌లో ఉన్నాయి: కవళ్ళు, కానాగంతలు. కానాగంతని కొందరు బంగ్డా అంటారు. అమ్మే ఆమె ఒక కానాగంత తీసి మొప్ప ఎత్తి చూపించింది, మందారం రంగులో ఉంది. పొట్ట మీద వేలితో నొక్కితే గుంట పడలేదు. కడుగుతుంటే నీళ్ల మీద సన్నటి మెరుపు తేలింది, వేళ్లు జిడ్డయ్యాయి. మనం డబ్బు పెట్టేది ఆ జిడ్డుకే. పెద్ద షాపుల్లో సాల్మన్ కొనే డబ్బుతో ఈ చేపలు నెలంతా తినొచ్చు. పైగా చిన్న చేపల్లో పాదరసం తక్కువ. గర్భిణులు సొర లాంటి పెద్ద వేట చేపలు మానేసి ఇలాంటివి తినడం మేలు.

వండేటప్పుడు బాగా మునిగేలా వేయించకండి. చేప కొవ్వు నూనెలోకి పోయి, నూనె చేపలోకి వస్తుంది. చింతపండు పులుసు పెట్టండి, కొవ్వు పులుసులోనే ఉంటుంది, అన్నంలో కలిపి తినేస్తాం. వాసన వస్తుంది, అబద్ధం చెప్పను, మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు వరకు వెళ్లింది. వారానికి రెండుసార్లు చేప, అందులో ఒకసారి నూనె చేప, బ్రిటన్ వైద్య సేవ చెప్పే లెక్క ఇది.

చేప తిననివాళ్లు అవిసె గింజల పొడి తినొచ్చు, మంచిదే. కానీ అందులో ఉండే వేరే రకం ఒమేగా-3 మన ఒంట్లో ఈపీఏ, డీహెచ్ఏలుగా మారేది చాలా కొద్దిగా. నాచు నుంచి తీసిన నూనె గోళీలు దొరుకుతాయి. చేపకి కూడా ఈపీఏ, డీహెచ్ఏలు మొదట వచ్చేది నాచు నుంచే.

మనసు బాగాలేక ఎవరికి చెప్పాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చిన్నమ్మ ఇప్పుడు మళ్లీ డాక్టర్ రాసిన మందులే వాడుతోంది. ఆదివారాలు మా ఇంటికి వస్తుంది, నేను కవళ్ళ పులుసు పెడతాను. మొదట్లో ముళ్లు తీసే ఓపిక లేక రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. మొన్న ఆదివారం తను తిన్నాక, మా అబ్బాయి కంచం దగ్గరికి లాక్కుని, ఒక్కో ముల్లూ వేలితో తడిమి తీసి, వాడికి ముద్ద కలిపి పెట్టింది.