పోస్ట్‌గ్రెస్ 18కి మారిన తరువాత చేయవలసిన పనులు: బరంపురం నుంచి రివ్యూ

అందరికీ నమస్కారం. బరంపురంలో పట్టుచీరల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థ డేటాబేస్‌ను నేను చూసుకుంటాను. ఇక్కడి ఖాతాదారుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ నమోదై ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 14వ వెర్షన్ నుంచి 18కి మారాక చేసిన మెయింటెనెన్స్ గురించే ఈ రివ్యూ.

ముందుగా మనసారా మెచ్చుకోవలసినది ఒకటుంది. పాత వెర్షన్లలో పీజీ అప్‌గ్రేడ్ (వెర్షన్ మార్చే సాధనం) ముగిశాక ప్లానర్ గణాంకాలు (డేటాను ఏ దారిలో వెతకాలో డేటాబేస్ నిర్ణయించుకునే లెక్కలు) మిగిలేవి కావు కాబట్టి, షాపు తెరిచేలోగా ఎనలైజ్ (వాటిని తిరిగి సేకరించే ఆదేశం) పూర్తికాకపోతే, నిన్నటిదాకా క్షణంలో వచ్చిన రిపోర్టు కోసం టేబుల్ మొత్తం చదవవలసి వచ్చేది. 2025 సెప్టెంబరులో వచ్చిన 18లో అవి చాలావరకు వెంటే వస్తాయి. అయినా ఎనలైజ్ మానకండి. క్రియేట్ స్టాటిస్టిక్స్ ఆదేశంతో మనం విడిగా చేసుకున్న గణాంకాలు రావు. ఎన్ని వరుసలు మారాయో ఆటోవాక్యూమ్‌కు (టేబుళ్లను తనంతట తానే శుభ్రం చేసే ప్రక్రియకు) తెలిపే లెక్కలూ సున్నా నుంచే మొదలవుతాయి. అందుకే ఎనలైజ్‌ను నడిపించే వాక్యూమ్‌డీబీ సాధనాన్ని మొదట గణాంకాలు లేని టేబుళ్లకు, తరువాత అన్నింటికీ నడిపాను.

నన్ను నిజంగా కలవరపెట్టినవి ఇండెక్సులు, అంటే త్వరగా వెతకడానికి క్రమంలో పేర్చి ఉంచే సూచికలు. అదే రాత్రి ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా మార్చడంతో జీలిబ్‌సీ (అక్షరక్రమం నియమాలను అందించే లినక్స్ లైబ్రరీ) 2.17 నుంచి 2.28కి చేరింది. 2018లో వచ్చిన ఆ 2.28లో అక్షరక్రమం నియమాలు మారాయి: పాత క్రమంలో "11" తరువాత "1-1" వచ్చేది, ఇప్పుడు "1-1" ముందు వస్తుంది. మా బిల్లు నంబర్లన్నీ మధ్యలో గీతతో ఉన్నవే. మర్నాడు ఒక బిల్లు జాబితాలో కళ్లెదుటే కనిపిస్తున్నా, నంబరుతో వెతికితే లేదని వచ్చింది. ఇండెక్స్ పాత క్రమంలో ఉండగా వెతుకులాట కొత్త క్రమంలో సాగడమే కారణం. ఈ స్థితిలో ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసే యూనిక్ ఇండెక్స్ కూడా ఒకే నంబరును రెండుసార్లు అనుమతించగలదు కనుక, ముందు అలాంటి జంటలు ఉన్నాయేమో చూసి, ఆ తరువాత టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్సులన్నింటినీ రీఇండెక్స్ కాంకరెంట్లీతో, బిల్లింగ్ ఆపకుండానే తిరిగి కట్టాను. ఏ భాష నియమాలూ లేకుండా బైట్ల క్రమాన్నే పాటించే సీ లొకేల్ వాడేవారికి ఈ చిక్కు లేదు.

ఎక్స్‌టెన్షన్లను (డేటాబేస్‌కు అదనంగా చేర్చుకునే సౌకర్యాలను) ఆల్టర్ ఎక్స్‌టెన్షన్ ఆదేశంతో విడిగా అప్‌డేట్ చేయాలి. పెద్ద టేబుళ్లకు ఆటోవాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్‌ను (టేబుల్‌లో ఎంత వంతు పాతబడితే శుభ్రం చేయాలో చెప్పే సెట్టింగ్‌ను) 0.2 నుంచి 0.01కి తగ్గించాను, లేకపోతే 10 కోట్ల వరుసల టేబుల్ 2 కోట్ల మృత వరుసలు (మార్చినా తొలగించినా మిగిలిపోయే పాత ప్రతులు) పేరుకునేదాకా శుభ్రపడదు.

18కి నిస్సందేహంగా మారవచ్చు. కానీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అదే రాత్రి మార్చకండి. పీజీ అప్‌గ్రేడ్‌లో పాత ఫైళ్లనే పంచుకునే లింక్ పద్ధతి కాక, వాటికి నకలు తీసే కాపీ పద్ధతి ఎంచుకోవడంతో మా పాత క్లస్టర్ (14లోని డేటాబేస్ మొత్తం) చెక్కుచెదరలేదు. నెలాఖరు పద్దులు సరిపోయాకే దాన్ని తొలగించాను.